ఆవ ఒడ్డున జిప్‌లైన్ ఎవరడిగారు?

డిసెంబరు వచ్చిందంటే విశాఖలో సొంతిల్లు ఉన్నవాడికీ అద్దింటివాడికీ తేడా లేకుండా చుట్టాలు దిగుతారు. హైదరాబాదు నుంచి బావగారి కుటుంబం, విజయవాడ నుంచి పిన్నీ బాబాయీ, వాళ్ళ వెనకాల ఇంకెవరో. వాళ్ళకి చూపించే జాబితా మాత్రం ఏళ్ళ తరబడి మారదు. ఆర్కే బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, సింహాచలం దర్శనం, రుషికొండ, ఓపికుంటే అరకు. సంక్రాంతి సెలవుల్లో బీచ్ రోడ్డు మీద కారు నడిపినవాణ్ణి అడగండి. సముద్రం కన్నా ముందు కారు వెనక అద్దాన్నే ఎక్కువ సేపు చూశామంటాడు.

అలాంటప్పుడు నేను "పోనీ, రేపు పొద్దున్నే కొండకర్ల ఆవకి వెళ్దామా?" అంటాను. ఆవ అంటే సహజంగా నీళ్ళు నిలిచిన చెరువు. వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అక్కడేముంది?"

నీళ్ళున్నాయి, తామరలున్నాయి, పిట్టలున్నాయి, తాటి దోనె ఉంది. నా జవాబు ఇదే. కానీ ఈమధ్య ఇంకో జవాబు గట్టిగా వినబడుతోంది. "ఇప్పుడేమీ లేదు గానీ, తాడుకి వేలాడుతూ జారే ఓ జిప్‌లైన్ వేసి, నాలుగు స్పీడ్ బోట్లు దింపి, ఊరి పేరు పెద్ద పెద్ద అక్షరాలతో కట్టి లైట్లు పెడితే జనం వస్తారు" అని. మా బావగారు అదే అంటారు, స్థలాల వ్యాపారం చేసే నా స్నేహితుడూ అదే అంటాడు. నాకు వాళ్ళతోనే పేచీ. చెరువు చూడ్డానికి వచ్చినవాళ్ళకి కావాల్సిన వినోదం ఆ ఒడ్డున బతికే జనం చేతుల్లో ఎప్పట్నుంచో ఉంది. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఆ వినోదం చుట్టూ లేని చిన్న చిన్న వసతుల మీద. ఆ వసతుల్లో మొదటిది మరుగుదొడ్డి. దాని సంగతి తర్వాత వివరంగా చెబుతాను.

ముందు, విశాఖ చుట్టూ ఇన్ని నీళ్ళున్నాయని మనలో ఎంతమందికి తెలుసు? నగరం లోపలే ముడసర్లోవ ఉంది. పెందుర్తి దాపున మేఘాద్రిగెడ్డ. జూ పార్కు దగ్గర, హైవేకి ఆనుకుని కంబాలకొండ అడవి, అందులో ఓ చిన్న చెరువు. అచ్యుతాపురం, అనకాపల్లి మధ్య కొండకర్ల ఆవ. దేవరాపల్లి దగ్గర శారదా నది మీద రైవాడ. గంట్యాడ మండలంలో గోస్తని మీద తాటిపూడి. ఇంకా లోపలికి పోతే కోనాం, కళ్యాణపులోవ, తాండవ. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు వీటిలో చాలా వరకు అనకాపల్లి జిల్లాలోకి పోయాయి. తాటిపూడి ముందు నుంచీ విజయనగరానిదే. కాగితం మీద విశాఖ జిల్లాకి మిగిలింది కాస్త కొండ, బోలెడు సముద్రం. చుట్టాన్ని కారెక్కించేటప్పుడు జిల్లా సరిహద్దు ఎవరు చూస్తారు గనక.

వీటన్నిటినీ కలిపి సరస్సుల ప్రాంతం అని ఏ బోర్డు మీదా రాయలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఒడిశాలోని చిలికా సరస్సు పేరెత్తితే రైలు టికెట్టు బుక్ చేసుకునేవాళ్ళం పక్కనున్న ఆవని దాటుకుంటూ ఫార్మా కంపెనీలకి ఉద్యోగాలకు పోతాం.

కొండకర్ల ఆవ నగరం నుంచి 50 కి.మీ. లోపే. గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా అచ్యుతాపురం వెళ్ళి లోపలికి తిరగాలి. రైల్లో వచ్చేవాళ్ళు అనకాపల్లిలో దిగితే ఆటోలుంటాయి. ఇది మనిషి కట్టిన జలాశయం కాదు, కొండల మధ్య పల్లంలో సహజంగా నిలిచిన మంచినీళ్ళు. రాష్ట్రంలో కొల్లేరు తర్వాత పెద్ద మంచినీటి సరస్సు ఇదేనని చెబుతారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్ళడానికి మంచి కాలం. వేళ మాత్రం తెల్లవారుజామే. ఎనిమిది దాటాక వెళ్ళి "పిట్టలే లేవు" అని తిరిగొచ్చిన వాళ్ళని చాలామందిని చూశాను. పిట్టలుంటాయి, మనం లేచే వేళకి వాటి సగం పని అయిపోతుంది, అంతే.

అక్కడి తాటి దోనె గురించి కాస్త చెప్పాలి. రెండు తాటిమానులు తీసుకుని లోపలి మెత్తటి భాగమంతా తొలిచేసి, పక్కపక్కన పెట్టి, అడ్డంగా కర్రలు వేసి బిగిస్తారు. మధ్యలో కూర్చోడానికి ఓ పలకో కుర్చీయో ఉంటుంది. ఇంజను లేదు, తెడ్డు కూడా లేదు. వెనకాల నిలబడ్డ మనిషి చేతిలో పొడుగాటి గెడ ఒకటి. అది అడుగున బురదలో దిగి, ఓ తోపు తోసి, పైకొచ్చేటప్పుడు నాచుతో, నల్లటి బురదతో వస్తుంది. దోనె నీళ్ళకి ఎంత దగ్గరగా ఉంటుందంటే చెయ్యి జారవిడిస్తే వేళ్ళు తడుస్తాయి. లోపలికి ఊరే నీళ్ళని కోసిన ప్లాస్టిక్ డబ్బాతో తోడి పోస్తూ ఉంటారు. మొదటిసారి ఎక్కినవాళ్ళకి గుండె ఝల్లుమంటుంది. దోనె తోసే పెద్దాయన మా బావగారితో అన్నమాట నాకింకా నవ్వు తెప్పిస్తుంది: "బాబూ, మద్దిలో కూకోండి. ఓ పక్కకి ఒంగితే నీల్లొచ్చెస్తాయి. అలాగ బిగిసిపోకండి మరి, ఏటీ అవ్వదు."

ఆ దోనె మీద నుంచి కనబడేది ఒడ్డు మీద నుంచి కనబడదు. ఉదాహరణకి తామరాకుల మీద నడిచే పిట్ట. దాని కాళ్ళ వేళ్ళు ఒంటికి ఏమాత్రం పొంతన లేనంత పొడుగు. ఆ వేళ్ళు బరువుని ఆకంతా పరుస్తాయి. అది అడుగేసినప్పుడు ఆకు ఓ పక్కకి కాస్త కుంగుతుంది, అంచు మీదుగా సన్నగా నీళ్ళెక్కుతాయి, ఆ నీళ్ళు ఆకు మధ్యకి చేరేలోగా పిట్ట పక్కాకు మీద ఉంటుంది. "వోనాకాలంలో దానికి తోక పొడుగవుతాది, ఇప్పుడేటి సూస్తారు" అని పెద్దాయన తేల్చిపారేశాడు. నిజమే, పొడుగు తోక దానికి గుడ్లు పెట్టే కాలంలోనే. ఆ గుడ్లు కూడా నీళ్ళ మీద తేలే ఆకుల గూట్లోనే పెడుతుంది. పెట్టేది ఆడది, పొదిగేదీ పిల్లల్ని మేపుకొచ్చేదీ మగది. ఈ సంగతి చెబితే దోనెలో ఉన్న ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా మా బావగారి వైపు చూశారు.

ఇంకొంచెం లోపలికి పోతే నీలం రంగు ఒళ్ళూ ఎర్ర ముక్కూ ఉన్న పెద్ద నీటికోళ్ళు జమ్ములో తిరుగుతుంటాయి. అవి కాడని కాలితో పట్టుకుని, చిలక జామపండు తిన్నట్టు, నోటి దాకా ఎత్తుకుని కొరుకుతాయి. నీటికాకులు రెక్కలు ఆరేసుకుని కర్రల మీద నిలబడి ఉంటాయి. నత్తలు తినే కొంగ ముక్కు మూసినా మధ్యలో సందుంటుంది, ఆ ముక్కుతోనే నత్తని గుల్లలోంచి లాగుతుంది. చలికాలంలో హిమాలయాలకి ఆవలి నుంచి వచ్చే సూదితోక బాతులు పగలంతా నీళ్ళ నడుమ గుంపుగా తేలుతూ కునుకు తీసి, చీకటి పడ్డాక మేతకి లేస్తాయి.

ఇప్పుడు ఈ నీళ్ళ మీదికి స్పీడ్ బోటు దింపుదాం. మొదటి చప్పుడుకే బాతుల గుంపు లేస్తుంది. ఫోటో బాగానే వస్తుంది, సందేహం లేదు. అవి ఓ చుట్టు తిరిగి మళ్ళీ దిగుతాయి. పది నిమిషాలకి రెండో బోటు. వేల మైళ్ళు ఎగిరి ఒంట్లో ఉన్న కొవ్వంతా కరిగించుకుని విశ్రాంతికి వచ్చిన పక్షిని రోజంతా లేపుతూ ఉంటే వచ్చే ఏడు వేరే చోటు వెతుక్కుంటుంది. వానాకాలంలో అయితే బోటు లేపిన అల తేలే గూళ్ళ మీదెక్కుతుంది. పైగా ఆవ లోతు తక్కువ, తూడూ నాచూ ఎక్కువ. మరకి తీగలు చుట్టుకుని బోటు నడి నీళ్ళలో ఆగిపోతే, తీసుకురావడానికి మళ్ళీ తాటి దోనే పోవాలి.

జిప్‌లైన్ సంగతీ అంతే. తాడు మీద జారే అరనిమిషంలో కింద ఉన్నది చెరువో సిమెంటు నేలో జారేవాడికి పట్టదు, వాడి కళ్ళు సగం మూసుకునే ఉంటాయి. అదే తాడు కంబాలకొండలో ఏ చెట్ల మధ్యనో కడితే నాకు అభ్యంతరం లేదు. సాహస క్రీడలంటే నాకేమీ పడకపోవడం లేదు. రుషికొండలో కయాకింగ్ చెయ్యండి, స్కూబా నేర్చుకోండి, అలల మీద పడిలేవండి. సముద్రం ఆ గోలంతా భరిస్తుంది. దాని చప్పుడే మనకన్నా పెద్దది. మోకాల్లోతు నుంచి మనిషి లోతు దాకా ఉండే తామర చెరువు భరించలేదు. ఏ నీటికి ఏది సరిపడుతుందో చూసుకోకుండా, పక్క ఊళ్ళో పెట్టారు గనక మనమూ పెడదామనడమే నాకు నచ్చనిది.

"నువ్వు చెప్పేదంతా బాగానే ఉంది, ఊళ్ళో వాళ్ళకి నాలుగు డబ్బులు రావద్దా?" అని స్నేహితుడు అడిగాడు. మంచి ప్రశ్నే. డబ్బులు రావాలి, తప్పకుండా రావాలి. ఎవరికి రావాలన్నదే అసలు సంగతి. తాడూ మోటారు బోట్లూ పెట్టాలంటే పెట్టుబడి కావాలి, టెండరు కావాలి. అవి దక్కేది బయటి నుంచి వచ్చిన కాంట్రాక్టరుకి. ఊరి కుర్రాడికి దక్కేది టికెట్టు చింపే పని. దోనె మాత్రం ఆ ఊరి మనిషి తన చేత్తో తొలుచుకున్నది. గెడ ఎక్కడ దిగుతుందో, ఎక్కడ ఊబి ఉందో, ఏ పొద మాటున పిట్ట గూడు పెట్టిందో అతనికే తెలుసు. అతని పక్కన ఓ చదువుకున్న కుర్రాడిని పెట్టి, పక్షుల పేర్లూ అలవాట్లూ నేర్పించి, ఓ రెండు బైనాక్యులర్లు అద్దెకి ఇచ్చే ఏర్పాటు చేస్తే, అదే అరగంట షికారుకి ఇప్పటికన్నా ఎక్కువ ఇవ్వడానికి వచ్చినవాళ్ళు సంతోషంగా ఒప్పుకుంటారు. నేనైతే ఇస్తాను.

ఇది గాల్లో మేడ కాదనడానికి మన పక్క రాష్ట్రంలోనే నిదర్శనం ఉంది. చిలికా ఉత్తరపు ఒడ్డున మంగళజోడి అని ఓ ఊరు. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్ముకోవడానికి పేరుమోసిన ఊరు అది. తర్వాత ఆ వేటగాళ్ళే కాపలాదారులయ్యారు, పడవలు నడిపేవాళ్ళయ్యారు, దారి చూపేవాళ్ళయ్యారు. అక్కడ పక్షుల మధ్యకి తీసుకెళ్ళే పడవలకి మోటారు ఉండదు, గెడలే. వేటాడే రోజుల్లో ఏ పిట్ట ఎక్కడ దాగుతుందో నేర్చుకున్న విద్యే ఇప్పుడు చూపించడానికి పనికొస్తోంది. దేశదేశాల నుంచి కెమెరాలు మోసుకుని అక్కడికి వస్తున్నారు. జిప్‌లైన్ ఉందా అని వాళ్ళెవరూ అడగరు. చిలికాలోనే సముద్రం పక్కనున్న సాతపడా వైపు డాల్ఫిన్ల కోసం మోటారు పడవలు తిరుగుతాయి. ఓ డాల్ఫిన్ వీపు కనబడగానే పడవలన్నీ అటే పరిగెడతాయి, అది మునుగుతుంది, ఇంజన్ల మోత మాత్రం మనకి మిగులుతుంది. ఒకే సరస్సు, రెండు పద్ధతులు. విశాఖ నుంచి చిలికా ఒడ్డునున్న బాలుగాం స్టేషను అయిదారు గంటల రైలు ప్రయాణం, రెండు రోజుల సెలవు చూసుకుని రెండూ చూసి రండి.

ఇక మరుగుదొడ్డి.

మా పిన్నికి అరవై దాటాయి. ఎక్కడికి బయల్దేరినా పొద్దున్నుంచి నీళ్ళు ముట్టదు. "దారిలో ఇబ్బంది ఎందుకే" అంటుంది. ఉత్తరాంధ్రలోనే ఓ జలాశయం, పేరు ఎందుకులెండి. రంగులేసిన ముఖద్వారం, ఫోటోలకి సిమెంటు నెమలి, పిల్లలకి ఉయ్యాలలు, అన్నీ ఉన్నాయి. మరుగుదొడ్డి గది కూడా ఉంది, దానికి తాళం ఉంది. తాళంచెవి ఉన్నాయన భోజనానికి వెళ్ళాడు. ఎప్పుడొస్తాడంటే ఎవరికీ తెలీదు. పిన్ని ఓ అరగంట చూసి "పోదాం పదండి" అంది. అంత దూరం పోయి నీళ్ళని చూసింది కారు అద్దంలోంచే. ఆ తర్వాత నేను ఎక్కడికి రమ్మన్నా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న "అక్కడేముంది" కాదు, "అక్కడ బాత్రూము ఉందా" అని.

పర్యాటకం గురించి మాట్లాడే మగవాళ్ళం ఈ సంగతి పట్టించుకోం, మనకి చెట్టు చాటు చాలు గనక. ఇంట్లో ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు, షుగరు ఉన్నవాళ్ళు ఒక చోటికి రావాలా వద్దా అన్నది దీని మీదే తేలుతుంది. తాడు కట్టడానికయ్యే ఖర్చులో కొంత పెడితే నీళ్ళొచ్చే రెండు గదులూ, వాటిని రోజూ కడిగే ఓ మనిషి జీతమూ వెళ్ళిపోతాయి. కానీ మరుగుదొడ్డికి రిబ్బను కత్తిరిస్తే ఫోటో బాగోదు. అదే అసలు కష్టం.

రెండోది లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిన దగ్గర్నుంచి మా ఇంట్లో బోటు మాటెత్తితే పెద్దవాళ్ళు ముందు వద్దనే అంటారు. ఆ భయం న్యాయమైనదే. చాలా చోట్ల జాకెట్లు ఉంటాయి, పెద్దవాళ్ళ సైజువి. అయిదేళ్ళ పిల్లకి అది వేస్తే చేతులు పైకెత్తగానే మెడ మీదుగా ఊడి వస్తుంది. పిల్లల సైజు జాకెట్లు, దోనెకి ఇంతమందే అని రాసిన బోర్డు, దాని పక్కనే అరగంటకి ఎంతో రాసిన ధరల పట్టిక. బేరాలాడి దోనెవాడితో మాట పడటం, వచ్చినవాళ్ళు మోసపోయామనుకోవడం, రెండూ పోతాయి. ఇంకాస్త డబ్బు మిగిలితే గట్టు మీద నాలుగు చింతచెట్లో కానుగచెట్లో నాటండి. సిమెంటు గొడుగుల కింద కూర్చుంటే వేడి పైనుంచే కాదు, కింది నుంచి కూడా తగులుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది ఆవ గురించి. జలాశయాల లెక్క వేరు. రైవాడ, మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, తాటిపూడి నీళ్ళు మనం తాగుతున్నవి. కుళాయి తిప్పితే వచ్చేవి. తాటిపూడి జలాశయాన్ని 1963-68 మధ్య కట్టారు, విజయనగరం పొలాలకి సాగునీరు, విశాఖకి తాగునీరు దాని పని. అలాంటి నీళ్ళలో డీజిల్ బోట్లు తిప్పి, చిప్స్ కవర్లు విసిరి, సాయంత్రం ఇంటికొచ్చి ఫిల్టర్ నీళ్ళు తాగుతాం. నన్నడిగితే తాగునీటి జలాశయాల్లో మోటారు బోటు ఉండకూడదు. గెడ పడవో, తెడ్డు పడవో, బ్యాటరీ పడవో చాలు. ముడసర్లోవలో 2018లో విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వాళ్ళు 2 మెగావాట్ల సౌర ఫలకాలు నీళ్ళ మీద తేలేలా పెట్టారు. నీళ్ళ మీద ఏం చేస్తే నీటికి చేటు లేదో ఆలోచించగలిగినవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారన్నమాట.

జలాశయం దగ్గర చెయ్యాల్సిన పని నడక. గట్టు మీద పొద్దున్నే ఓ పక్క నీళ్ళు, ఓ పక్క పల్లంలో పొలాలు చూసుకుంటూ నడవండి. అనుమతి ఉన్నచోట సైకిలు మీద తిరగండి. స్నానానికి మాత్రం దిగకండి. చెరువులా కనబడుతుంది గానీ, జలాశయంలో అడుగు ఎక్కడ జారుతుందో తెలీదు. పాత గెడ్డ కాలువ లోయలా అలాగే ఉంటుంది, పైన నీళ్ళు నిమ్మళంగా కనబడతాయి. తూముల దగ్గర, అలుగు దగ్గర లాగే నీటి బలం ఈతొచ్చినవాడినీ వదలదు. ప్రతి వేసవిలో పేపర్లో చదివే వార్తలు చాలావరకు ఇలాంటివే, కుర్రాళ్ళు, సెలవు రోజు, సరదాగా దిగారు.

నాకు బాగా ఇష్టమైన ఒక రోజు ప్రయాణం చెబుతాను. గోస్తనిని పట్టుకుని దిగడం. ఈ నది అనంతగిరి కొండల్లో పుట్టి బొర్రా గుహల్లోంచి ప్రవహిస్తుంది. పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే సొరంగాలు దాటుకుంటూ బొర్రా స్టేషనులో దిగొచ్చు, కారైతే శృంగవరపుకోట మీదుగా ఘాటు రోడ్డు. గుహలో ఆ సున్నపురాతి ఆకారాలకి లైట్లు వేసి, ఇది శివలింగం, ఇది ఆవు పొదుగు అని చూపిస్తారు. అందరూ పైకే చూస్తారు. కిందికి వంగి ఆ నీటి చప్పుడు వినండి. ఈ రాతిలో ఈ చోటంతా తొలిచింది ఆ నీరే. అదే నీరు దిగువకి వచ్చి తాటిపూడి దగ్గర కొండల మధ్య ఆగుతుంది. మధ్యాహ్నం భోజనం అక్కడ గట్టు మీద. వంటింటి నుంచి తెచ్చుకున్నదైతే మంచిది, పులిహోర అయితే మరీ మంచిది, తిన్నాక ఆకులూ కవర్లూ తిరిగి కార్లోకే. అక్కడి నుంచి సాయంత్రానికి భీమిలి. గోస్తని సముద్రంలో కలిసే చోట ఇసుక తిన్నెల మీద కొంగలు, వలలు బాగుచేసుకునే వాళ్ళు, ఓ పక్క డచ్చివాళ్ళ సమాధులు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు అది. వేరువేరు రోజుల్లో చూసే మూడు చోట్లు ఒకే నది కథ అని పిల్లలకి అర్థమయ్యేది ఇలా చూస్తేనే. మూడు సెల్ఫీ పాయింట్లు కట్టినా ఆ కథ చెప్పలేవు.

కొండకర్ల వెళ్ళినరోజు కూడా మధ్యాహ్నం వృథా చేసుకోనక్కర్లేదు. అనకాపల్లి పక్కన శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి, రాతిలో చెక్కిన బౌద్ధ గుహలు, కొండంతా వరసగా స్తూపాలు. బెల్లం కాలమైతే అనకాపల్లి మార్కెట్టు వీధిలో ఊపిరి పీలిస్తేనే నోరు తీపి ఎక్కుతుంది. సాయంత్రానికి పూడిమడక తీరం, పడవలు తిరిగొచ్చే వేళకి వెళ్తే అమ్మకం సందడి చూడొచ్చు.

మనవాళ్ళు పక్షుల గురించి మాట్లాడేటప్పుడు నాకు చిరాకు తెప్పించే మాట ఒకటుంది, "సైబీరియా పక్షులు". పెద్ద కొంగ కనబడితే చాలు, సైబీరియా నుంచి వచ్చిందంటారు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల నిండా గూళ్ళు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మన దక్షిణాసియా పక్షులే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి తొలకరితో వచ్చే నత్తకొంగలూ అంతే. నిజంగా ఉత్తరం నుంచి వచ్చేవి ఎక్కువగా మనం పట్టించుకోని చిన్న బాతులూ, బురదలో పరుగెత్తే బక్క పిట్టలూ. ఇది పాండిత్యం కోసం చెప్పడం లేదు. అది ఎక్కణ్ణుంచో వచ్చిన చుట్టం అనుకుంటే దాని తిండి, గూడు మన బాధ్యత కాదనిపిస్తుంది. అది మన ఊరిదే అని తెలిస్తే నౌపడ ఉప్పుమళ్ళూ, బురద నేలలూ ఎందుకు ఉండాలో అర్థమవుతుంది. తేలినీలాపురంలో పక్షులు ఇళ్ళ మధ్య చెట్ల మీదే గూళ్ళు పెడతాయి. రెట్టలు పెరట్లో పడతాయి, చేపల కంపు ఉంటుంది. అయినా ఊరివాళ్ళు వాటిని అదిలించరు, ఏ ఏడాదైనా పక్షులు రాకపోతేనే కీడంటారు. అక్కడికి వెళ్ళేవాళ్ళు నేర్చుకోవాల్సిన మర్యాద కూడా అదే. టపాసులు, డ్రోన్లు, కారు హారన్లు ఇంట్లో వదిలేసి వెళ్ళండి.

ఇంతకీ, ఆవకి నిజంగా ముప్పున్నది పర్యాటకుల వల్లే అని నేననను. గుర్రపు డెక్క అనే నీటి కలుపు ఒకసారి పట్టిందంటే నీళ్ళ మీద వెలుతురు పడనివ్వదు, చేపకి ఊపిరాడనివ్వదు, దోనెకి దారివ్వదు. చుట్టూ పొలాల నుంచి ఎరువు కొట్టుకొస్తే అది ఇంకా బలుస్తుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు అంచుల్లో ఎండిన నేల మీద గట్టు వేసుకుని దున్నేవాళ్ళు ఉంటారు. చేపలు పట్టేవాళ్ళకి ఆదాయం తగ్గితే చెరువు మీద మక్కువ కూడా తగ్గుతుంది. కాబట్టే దోనెవాడి చేతికి డబ్బు అందడం నాకు అంత ముఖ్యంగా కనిపిస్తుంది. చెరువు బతికుంటేనే తన బతుకని నమ్మే మనిషి ఒడ్డున ఉంటే గుర్రపు డెక్క ఎక్కడ మొదలైందో మొదట చూసేదీ, అరిచి చెప్పేదీ అతనే.

"పిల్లలకి బోరు కొట్టదా?" ఇది బావగారి ఆఖరి అస్త్రం. కొడుతుంది, చేతులు కట్టుకుని చూడమంటే కొడుతుంది. ఓ బైనాక్యులర్ వాళ్ళ చేతికివ్వండి. తామరాకు మీద నీటిచుక్క పోసి అది ఆకుని తడపకుండా ఎలా దొర్లుతుందో చూపించండి. ఎవరు ముందు లకుముకిపిట్టని చూస్తే వాళ్ళకి ఓ బెల్లం అచ్చు అనండి. మా బావగారి చిన్నవాడు, ఫోనులో బ్యాటరీ అయిపోయిందని ఏడ్చిన అదే పిల్లాడు, గెడ పట్టుకుని తోస్తానని పెద్దాయన వెంట పడ్డాడు. ఆయన ఒడ్డు దగ్గర, లోతు లేనిచోట ఓ రెండు తోపులు తోయనిచ్చాడు. దోనె గుండ్రంగా తిరిగింది తప్ప ముందుకి పోలేదు. వాడు మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. అలాంటిదానికి టికెట్టు పెట్టి, పిల్లలకి దోనె తోయడం నేర్పే గంట అని ఓ బోర్డు రాస్తే, జిప్‌లైన్ కన్నా పెద్ద వరసే ఉంటుందని నా నమ్మకం.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. ఆదివారం, కార్తీక వనభోజనాల రోజులు వద్దు. ఏ బుధవారమో సెలవు పెట్టుకోండి, ఇంట్లోంచి అయిదు లోపు బయల్దేరండి. ముదురు రంగు బట్టలు, టోపీ, మంచినీళ్ళ సీసా. పెద్దవాళ్ళతో వెళ్తుంటే అచ్యుతాపురం దాటేలోపే ఏ పెట్రోలు బంకులోనో ఓసారి ఆగండి. దోనె ఎక్కేముందు పిల్లల సైజు జాకెట్టు ఉందా అని అడగండి, లేకపోతే చిన్నవాళ్ళని ఒడ్డునే ఉంచండి. ధర ముందే మాట్లాడుకోండి, దిగేటప్పుడు దానికన్నా కొంచెం ఎక్కువే ఇవ్వండి.